గజ్వేల్ దాకా వచ్చిన పట్టా

మా జగదేవ్‌పూర్‌కు రైలు స్టేషన్ లేదు. మనకు దగ్గర్లో ఉన్నది గజ్వేల్. అదీ నిన్నమొన్నటిదే.

ఆసఫ్‌జాహీ దౌర్‌లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లోనే వచ్చింది. అప్పటికి నవాబ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ వయసు ఎనిమిదేళ్లు. హుకూమత్ నడిపిస్తున్నది దీవాన్ సాలార్‌జంగ్. 1900 ప్రాంతంలో మన్మాడ్‌కు మీటర్‌గేజ్ పట్టా పడింది. అది మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు సాగిపోయింది. గజ్వేల్ ఇలాఖా పక్కనే ఉండిపోయింది. మా బుజుర్గులకు పట్నం సఫర్ అంటే మొదట ఎడ్లబండి, తర్వాత బస్సు.

ఆ పాత దారిలోని మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా వేసే కొత్త లైనుకు 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో సంగ్‌-ఏ-బునియాద్ పడింది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు గజ్వేల్ మీదుగా రైలు మొదలైంది. అంటే దాదాపు నూటయాభై ఏళ్ల ఇంతజార్!

హైదరాబాద్ లోకల్ రైలు, అదే ఎంఎంటీఎస్, 2003 ఆగస్టులో మొదలై 2023 ఏప్రిల్‌కు మేడ్చల్ చేరింది. అక్కడే ఆగింది. మన రైలు కూడా మేడ్చల్ మీదుగానే పోతుంది. పట్టా ఒకటే, సహూలత్ మాత్రం వేరు.

పట్నంలో మజ్దూరీ చేసే మనిషికి, దవాఖానాకు పోయే అమ్మకు, కాలేజీకి పోయే బిడ్డకు కావాల్సింది పొద్దున పోయి మగ్రిబ్‌కల్లా ఇల్లు చేరే రైలు. అలాంటివి రోజూ నాలుగైనా ఉంటే, మన పిల్లలు పట్నంలో కిరాయి కొంపలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. పట్టా వచ్చింది, షుక్ర్. ఇక అడగాల్సింది వక్త్ గురించే.