బండి పేరు ఒకటి, ఇంజను పేరు ఇంకొకటి

టెక్సస్‌లో కూర్చుని కీబోర్డు కొట్టుకునేవాడికి డీజిలు పికప్పు ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. మా ఇంటావిడ ఇప్పటికే అడిగింది. ఊరి బయట మాకున్న కాస్త నేలకి చిన్న ట్రాక్టరూ, కంచె రాటలూ, గడ్డి మోపులూ ట్రెయిలరు మీద లాక్కెళ్ళాలి, అదీ కారణం. కొత్త వాటి ధరలు చూశాక పాతవాటిల్లో వెతికితే చివరికి రెండు మిగిలాయి. రెండూ 2002 నాటివే. ఒకటి ఫోర్డ్ ఎఫ్-250, అందులో 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజను. రెండోది డాడ్జ్ రామ్ 2500, అందులో 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజను.

ఈ రెంట్లో ఏది మేలని ఇక్కడ ఎవర్ని కదిపినా మన ఊళ్ళో ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల వాదనలాగే ఉంటుంది. ఎవరి దేవుడు వారికి గొప్ప. ఇలా తేలదని, అసలు ఈ ఇంజన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిన సంగతేమిటంటే, ఫోర్డ్ ఇంజను ఫోర్డ్ చేసింది కాదు, డాడ్జ్ ఇంజను డాడ్జ్ చేసింది కాదు. రెంటి పుట్టిల్లూ పొలాల వైపే.

పొలాల్లో ఆయిలింజను చూసినవాళ్ళకి డీజిలు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. హ్యాండిలు వేసి తిప్పి, వేగం అందుకోగానే లీవరు వదిలితే డుగ్ డుగ్‌మని అందుకుంటుంది. స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనె చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పనిచేయించి చూపించింది ఇదే. అంత ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇనుము మందంగా ఉండాలి. అందుకే డీజిలు మొదట పడవల్లోకీ, ఫ్యాక్టరీల్లోకీ వెళ్ళింది. బండ్లలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

అమెరికాలో దాన్ని రోడ్డెక్కించాలని పట్టుబట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్నవాడు క్లెసీ కమ్మిన్స్. ఇండియానాలోని కొలంబస్ అనే చిన్న ఊళ్ళో ఒక బ్యాంకరు గారి కుటుంబానికి కారు డ్రైవరు, మెకానిక్కు. ఆ బ్యాంకరే డబ్బు పెడితే 1919లో కంపెనీ మొదలైంది. 1931లో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో ఆయన డీజిలు కారు ఎక్కడా ఆగకుండా, మధ్యలో నూనె పోయించుకోకుండా పూర్తిచేసింది. గెలవలేదు, కానీ ఆయన చూపించదలచుకున్నది వేగం కాదు కదా.

1980ల మొదట్లో కమ్మిన్స్ వాళ్ళు ట్రాక్టర్లు చేసే జె.ఐ. కేస్ కంపెనీతో కలిసి నార్త్ కరొలైనాలో ఒక ఫ్యాక్టరీ పెట్టి 'బి' సిరీస్ ఇంజన్లు తయారుచేశారు. పొలం యంత్రాల కోసం. ఆరు సిలిండర్లు వరసగా, బరువు దాదాపు 450 కిలోలు. డాడ్జ్ వాళ్ళు 1989 మోడల్‌లో దీన్నే తెచ్చి తమ పికప్పులో పెట్టారు. ఆ పికప్పు డిజైనేమో 1972 నాటిది. అంత ముసలి ఒంట్లో 160 హార్స్‌పవరు, 400 పౌండ్-అడుగుల టార్కు! అప్పటిదాకా వెనకబడి ఉన్న డాడ్జ్ పికప్పుకి జనం వెతుక్కుంటూ వచ్చారు.

అన్నట్టు, ఈ ఇంజను మనకి పరాయిదేం కాదు. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ జంషెడ్‌పూర్‌లో చేసింది ఈ 'బి' సిరీస్‌నే. మన రోడ్ల మీద తిరిగిన టర్బో కమ్మిన్స్ టాటా లారీలకీ, టెక్సస్‌లో నేను చూసిన ఈ డాడ్జ్‌కీ ఇంటిపేరు ఒకటే.

ఇహ ఫోర్డ్ సంగతి. 1983 మోడల్ నుంచీ వాళ్ళకి డీజిలు ఇంజన్లు అమ్మింది ఇంటర్నేషనల్ హార్వెస్టర్, అంటే కోత యంత్రాలతో పేరు తెచ్చుకున్న పాత కంపెనీ. అప్పుల్లో పడి తన ట్రాక్టర్ల వ్యాపారాన్ని 1985లో అమ్ముకుంది. అది ఎవరిలో కలిసిందో చూడండి, కమ్మిన్స్ భాగస్వామి అయిన ఆ కేస్‌లోనే! లారీలూ ఇంజన్లూ మిగిలిన కంపెనీ 1986లో నావిస్టార్ అని పేరు మార్చుకుంది. ఇప్పుడు అభిమానులు కొట్టుకునే ఈ రెండు ఇంజన్లూ ఒకరకంగా వియ్యంకులన్నమాట.

అయితే ఇనుము రెంటిలోనూ గట్టిదే అయినప్పుడు తేడా ఎక్కడ? పొగ చట్టాల్లో. 1994లో మసి మీద నిబంధనలు బిగిశాయి, 1998లో నైట్రోజన్ ఆక్సైడ్ల మీద బిగిశాయి. రెండు కంపెనీలూ నూనె చిమ్మే పనిని కంప్యూటరు చేతికి అప్పగించాల్సి వచ్చింది.

నావిస్టార్ వాళ్ళు 1994 మధ్యలో వచ్చిన 7.3లో ఇంజనాయిల్‌నే పనిలోకి దింపారు. ఒక పంపు ఆయిల్ ఒత్తిడిని 3,000 పీఎస్ఐ దాకా పెంచుతుంది, ఇంజెక్టరు లోపలి పిస్టను దాన్ని సుమారు ఏడింతలు చేసి డీజిలుని చిమ్ముతుంది. అంటే ఆ 14 లీటర్ల ఆయిలు కందెన పనీ చేయాలి, కండ పనీ చేయాలి. టైముకి మార్చకపోతే ఇంజెక్టర్లే పాడవుతాయి.

కమ్మిన్స్ వాళ్ళు 1998లో పాత మెకానికల్ పంపు తీసేసి, వీపీ44 అనే బాష్ ఎలక్ట్రానిక్ పంపు పెట్టారు. దానికి చల్లదనమూ కందెనా రెండూ లోపల పారే డీజిలే. ట్యాంకు నుంచి తోసే చిన్న కరెంటు పంపు నీరసపడితే పెద్ద పంపు దప్పికతో చచ్చిపోతుంది. ఇంజనేమో లక్షల మైళ్ళు తిరగడానికి సిద్ధంగా ఉంటుంది.

తర్వాతి కథ మాలాంటి కన్సల్టెంట్లకి బాగా తెలిసినదే. 2003లో 7.3 స్థానంలో నావిస్టార్ వాళ్ళే చేసిన 6.0 వచ్చింది, వారంటీ రిపేర్లు కుప్పలుగా వచ్చాయి. ఖర్చు ఎవరిదన్న తగువు 2007లో కోర్టుకెక్కి, 2009లో రాజీ అయింది. 2011 మోడల్ నుంచి ఫోర్డ్ తన ఇంజను తానే చేసుకుంటోంది. వెండరుతో పని చేయించుకున్నంత కాలం బాగానే ఉంటుంది, తప్పు ఎవరిదో తేల్చాల్సిన రోజే కాంట్రాక్టు బయటికి తీస్తారు.

అలాగని కమ్మిన్స్ భక్తులు మీసం తిప్పక్కర్లేదు. 2013 నుంచి 2019 దాకా వచ్చిన రామ్ పికప్పుల్లో పొగ పరీక్షల్ని ఏమార్చే ఏర్పాట్లున్నాయన్న ఆరోపణ మీద 167 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకి ఆ కంపెనీ 2023 డిసెంబరులో ఒప్పుకుంది. ఆ ఏర్పాటు రాసిందీ మనలాంటి ప్రోగ్రామరే అయ్యుండాలి. అది చదివిన రోజు పని చేస్తుంటే కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

పాత డీజిళ్ళే బంగారం అనేవాళ్ళు చెప్పని మాట కూడా ఇక్కడే ఉంది. 2007కి ముందు వచ్చిన ఈ పికప్పులకి మసి వడపోత లేదు. వాటి మన్నికలో కొంత భాగం ఆ వడపోత లేకపోవడమే. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. కాబట్టి నేను తీసుకునే బండి ఏదైనా ఆఫీసుకీ, పిల్లల బడికీ వెళ్ళదు. నెలకి ఒకటి రెండుసార్లు బరువు లాగడానికే.

ఇంత చదివాక చూడాల్సినవి రెండే రెండయ్యాయి. డాడ్జ్‌లో డీజిలు ప్రెషరుకి గేజి తగిలించి, ట్రెయిలరు కట్టి ఎత్తు ఎక్కించాం. ముల్లు ఉండాల్సిన చోటు కంటే బాగా కిందికి జారింది. అమ్మే ఆయన మంచివాడే, ఆ చిన్న పంపు ఎప్పుడు మార్చారో ఆయనకే తెలీదు. ఫోర్డ్ పెద్దాయన దగ్గర మాత్రం పాత బిస్కెట్ల డబ్బా నిండా ఆయిలు మార్చిన రసీదులున్నాయి, తారీఖు, మైళ్ళు చేత్తో రాసి మరీ.

ఫోర్డ్ తీసుకున్నాను. మా ఆఫీసులో కమ్మిన్స్ అభిమాని ఒకాయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, వచ్చే శనివారం సోఫా మార్చాలి, బండి ఖాళీయేనా అని అడిగాడు.