సైనికాధికారి ఎంపికకు సన్నద్ధత: వంశార్హత నుంచి వ్యక్తిత్వ పరీక్ష వరకు (1901–2025)

వ్యాస సంగ్రహం:

భారత సైన్యంలో అధికారి కావడానికి అభ్యర్థి పొందవలసిన సన్నద్ధత గత నూట పాతికేళ్లలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వలస పాలనలో వంశం, రాజభక్తి అర్హతలుగా నిలిచాయి. తరువాత ప్రత్యేక పాఠశాల విద్య, ఆపైన పోటీ పరీక్ష, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మనస్తత్వ పరీక్ష ఎంపికకు ఆధారమయ్యాయి. పుట్టుకతో వచ్చిన అవకాశాన్ని దాటి సహజ యోగ్యతను గుర్తించడమే ఈ చివరి పద్ధతి ఆశయం. అయితే ఆ యోగ్యత వ్యక్తం కావడానికి అవసరమైన భాష, వాతావరణం, ఆత్మవిశ్వాసం అందరికీ సమానంగా అందవు. ఈ లోటును పూరించడానికి ఏర్పడిన సంస్థల చరిత్రే సన్నద్ధత చరిత్ర అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సైనికాధికారి, కేడెట్, కమిషన్, ఎంపిక మండలి, సైనిక పాఠశాల, కోరుకొండ, వ్యక్తిత్వ పరీక్ష.

1. ఉపోద్ఘాతం:

సైన్యంలో సిపాయికి, అధికారికి మధ్య ఉన్న తేడా జీతభత్యాలకు పరిమితమైనది కాదు. ఇతరుల ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం తీసుకునే హక్కు అధికారికి ఉంటుంది. అందువల్ల అధికారిగా ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్న వెనుక, ఆజ్ఞాపించే యోగ్యత ఎవరికి ఉందన్న ప్రశ్న కూడా ఉంటుంది. ప్రతి కాలమూ ఈ ప్రశ్నకు తనదైన సమాధానం చెప్పుకుంది. ఆ సమాధానాన్ని బట్టే అభ్యర్థులు చేసుకోవలసిన సన్నాహం కూడా మారింది.

2. వంశమే అర్హతగా ఉన్న దశ:

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో తెలుగువారికి దీర్ఘమైన చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ సిపాయిలను ఉత్తర భారతంలో ‘తిలంగా’లని పిలిచేవారు. తొలినాటి సిపాయిలలో తెలుగు ప్రాంతాల వారు ఉండడమే ఆ పేరుకు కారణం. 1857 తిరుగుబాటు నాటికి అది ప్రాంతంతో నిమిత్తం లేకుండా సిపాయి అన్న అర్థంలోనే వాడుకలో ఉంది. అయితే ఆ సిపాయిలలో ఎవరూ ఎంత అనుభవం గడించినా బ్రిటిష్ అధికారితో సమానమైన హోదా పొందలేదు.

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం బలపడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సర్వసేనానిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సైనికుల పోరాట పటిమను తక్కువగా అంచనా వేశాడు. తరువాత భారత సర్వసేనాని అయినపుడు ఆయన అభిప్రాయమే విధానంగా మారింది. పంజాబు, నేపాల్, వాయవ్య సరిహద్దు ప్రాంతాల నుంచి నియామకాలు పెరిగాయి. మద్రాసు పటాలాలు క్రమంగా తగ్గాయి. దీనితో తెలుగు గ్రామాలకు, సైన్యానికి మధ్య తరతరాలుగా ఉన్న బంధం సన్నగిల్లింది. తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే సైనిక పరిచయం అధికారి ఉద్యోగానికి తొలి సన్నద్ధత అనుకుంటే, దక్షిణాది కుటుంబాలు దానిని ముందే కోల్పోయాయి.

భారతీయులను అధికారులుగా తీర్చే తొలి ప్రయత్నం 1901లో వైస్రాయ్ కర్జన్ నెలకొల్పిన ఇంపీరియల్ కేడెట్ కోర్. రాజకుటుంబాల, జమీందారీ వంశాల యువకులకు మాత్రమే ఇందులో ప్రవేశం ఉండేది. శిక్షణ ముగించిన వారికి లభించిన కమిషన్ బ్రిటిష్ సైనికుల మీద ఆజ్ఞాధికారం ఇచ్చేది కాదు. ఇక్కడ ఎంపికకు ప్రత్యేకంగా సిద్ధం కావలసిన పని లేదు, పుట్టుకే అర్హత.

మొదటి ప్రపంచయుద్ధం ఈ స్థితిని కొంత మార్చింది. 1918 నుంచి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ రాయల్ సైనిక కళాశాలలో ఏడాదికి పది స్థానాలు భారతీయులకు కేటాయించారు. అదే సమయంలో ఇందోరు డాలీ కళాశాలలో తాత్కాలికంగా కేడెట్ శిక్షణ నడిచింది. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని అయిన కె.ఎం.కరియప్ప అక్కడ శిక్షణ పొందినవాడే. శాండ్‌హర్స్ట్‌కు అభ్యర్థులను సిఫారసులు, ముఖాముఖి ద్వారా ఎంచేవారు. కుటుంబ హోదాకు, విధేయతకు అందులో అధిక ప్రాధాన్యం ఉండేది. ఖర్చు సామాన్య కుటుంబం భరించగలిగేది కాదు. అపరిచిత దేశం, భాష, ఆచారాల మధ్య శిక్షణ పొందవలసి రావడంతో తొలి ఏళ్లలో వెళ్లిన వారిలో గణనీయమైన భాగం విఫలమయ్యారు.

3. పాఠశాలే పునాది అయిన దశ:

ఈ వైఫల్యాలకు రెండు వ్యాఖ్యానాలు వచ్చాయి. భారతీయులలో నాయకత్వ శక్తి తక్కువన్నది మొదటిది. దానికి తగిన పెంపకం, విద్య అందలేదన్నది రెండవది. రెండవ వ్యాఖ్యానానికి సంస్థారూపం డెహ్రాడూన్‌లో 1922 మార్చి 13న వేల్స్ యువరాజు ప్రారంభించిన సైనిక పాఠశాల. నేడు దానిని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ అంటారు. ఆంగ్ల పబ్లిక్ పాఠశాలల నమూనాలో, చిన్న వయసు నుంచే బాలురను శాండ్‌హర్స్ట్‌కు సిద్ధం చేయడం దాని లక్ష్యం. ‘సన్నద్ధత’ ఒక వ్యవస్థగా రూపొందింది ఇక్కడే. అయితే అక్కడి విద్యార్థులలో ఎక్కువమంది సైనిక కుటుంబాలకో, సంపన్న వర్గాలకో చెందినవారు.

ఇదే కాలంలో కేంద్ర శాసనసభలో అధికారి పదవుల భారతీయీకరణ ప్రధాన చర్చాంశమైంది. 1921లో పి.ఎస్.శివస్వామి అయ్యర్ ఈ విషయమై తీర్మానాలు ప్రవేశపెట్టారు. 1925లో ఏర్పడిన స్కీన్ సంఘంలో మహమ్మదలీ జిన్నా సభ్యుడు. మోతీలాల్ నెహ్రూ కొంతకాలం సభ్యుడిగా ఉన్నారు. తగిన అభ్యర్థులు తక్కువగా రావడానికి గల కారణాలను ఈ సంఘం విచారించింది. దేశీయ విద్యావిధానంలోని లోపాలను గుర్తించి, భారతదేశంలోనే ఒక సైనిక కళాశాల స్థాపించాలని సూచించింది. కొరత యోగ్యతలో లేదని, అవకాశంలో ఉందని జాతీయ నాయకులు చేసిన వాదనకు ఇది బలం చేకూర్చింది.

4. పోటీ పరీక్ష:

సర్వసేనాని ఫిలిప్ చెట్‌వుడ్ అధ్యక్షతన 1931లో ఏర్పడిన సంఘం సూచనలతో డెహ్రాడూన్‌లో భారత సైనిక అకాడమీ అవతరించింది. 1932 అక్టోబరు 1న 40 మంది కేడెట్లతో శిక్షణ మొదలైంది. డిసెంబరు 10న అధికారిక ప్రారంభోత్సవం జరిగింది. తొలి జట్టులో 15 మంది బహిరంగ పోటీ పరీక్ష ద్వారా వచ్చారు. తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన శాం మానెక్‌షా వారిలో ఒకడు. మిగిలిన వారు సైన్యంలోని సిపాయిల నుంచి, సంస్థానాల సేనల నుంచి వచ్చారు.

ఈ మూడు మార్గాలకు మూడు రకాల సన్నద్ధత అవసరమైంది. బహిరంగ పోటీకి కళాశాల విద్య, ఆంగ్ల పాండిత్యం, మౌఖిక పరీక్షలో నిబ్బరం కావాలి. సంస్థానాల అభ్యర్థులకు ఆస్థాన సంబంధాలు తోడ్పడేవి. సిపాయిగా చేరి అధికారి కాదలచిన వారిని మాత్రం ముందుగా చదివించవలసి ఉండేది. నౌగాంగ్‌లోని కిచెనర్ కళాశాల ఆ పని చేసింది. తగిన సన్నాహం అందితే సిపాయి కూడా అధికారి కాగలడన్న గుర్తింపు ఈ కళాశాల స్థాపనలోనే ఉంది.

5. యుద్ధకాలపు మలుపు:

రెండవ ప్రపంచయుద్ధం అధికారుల అవసరాన్ని వందల నుంచి వేలకు పెంచింది. అంతవరకు బ్రిటన్‌లో కొద్ది నిమిషాల ముఖాముఖితో అధికారులను ఎంచేవారు. అభ్యర్థి చదివిన పాఠశాల, మాట్లాడే ఉచ్చారణ నిర్ణయాన్ని ప్రభావితం చేసేవి. ఆ విధంగా ఎంపికైన వారిలో చాలామంది శిక్షణలో విఫలమవడం, తమను చిన్నచూపు చూశారన్న అసంతృప్తి సామాన్య సైనికులలో పెరగడం ప్రభుత్వాన్ని కలవరపరిచాయి. 1942లో ఎడిన్‌బరో నగరంలో మనస్తత్వ నిపుణుల సహాయంతో ప్రయోగాత్మక ఎంపిక మండలి ఏర్పడింది. జర్మన్ సైన్యం అంతకు ముందే అనుసరించిన మనస్తత్వ పరీక్షల అనుభవం కూడా ఈ ప్రయోగానికి తోడ్పడింది.

ఈ మండలిలో విల్ఫ్రెడ్ బియాన్ రూపొందించిన ‘నాయకుడు లేని బృందం’ పద్ధతి ముఖ్యమైనది. కొందరు అభ్యర్థులకు ఉమ్మడిగా ఒక పని అప్పగిస్తారు. ఎవరినీ నాయకుడిగా నియమించరు. తాను నెగ్గాలన్న కోరికను, బృందం గెలవాలన్న అవసరాన్ని ప్రతి ఒక్కరూ ఎలా సమన్వయం చేసుకుంటారో పరిశీలకులు గమనిస్తారు. అభ్యర్థి ఎవరి బిడ్డ అన్న ప్రశ్న స్థానంలో, పదిమందిలో ఎలా ప్రవర్తిస్తాడన్న ప్రశ్న వచ్చింది.

1943లో ఇదే నమూనాలో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మక మండలి ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం 1949లో మనస్తత్వ పరిశోధన విభాగం నెలకొన్నది. క్రమంగా విస్తరించి అది నేటి రక్షణ మనస్తత్వ పరిశోధన సంస్థగా రూపొందింది. వలస పాలన నుంచి సంక్రమించినా, స్వతంత్ర భారతం ఈ ఎంపిక పద్ధతిని తన అవసరాలకు అనుగుణంగా కొనసాగించింది.

6. నేటి విధానం – సన్నద్ధతలోని వైరుధ్యం:

నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశానికి యు.పి.ఎస్.సి. రాతపరీక్షకు 900 మార్కులు, సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పరీక్షకు 900 మార్కులు. రాతపరీక్షలో గణితానికి 300, సాధారణ సామర్థ్యానికి 600. చదువుకు, వ్యక్తిత్వానికి సమాన విలువ ఇచ్చిన ఈ విభజన గమనించదగినది.

బోర్డు పరీక్ష ఐదు రోజులు సాగుతుంది. మొదటి రోజు తార్కిక ప్రశ్నలతో పాటు, ఒక మసక చిత్రాన్ని 30 సెకన్లు చూసి 4 నిమిషాలలో కథ రాసి, దానిని బృందంలో చర్చించాలి. ఇందులో నిలిచిన వారే ముందుకు సాగుతారు. మనస్తత్వ పరీక్షలలో 12 కథలు, 60 పదాలకు ఒక్కొక్కదానికి 15 సెకన్లలో స్పందన, 60 సందర్భాలకు 30 నిమిషాలలో సమాధానాలు, ఆత్మవర్ణన ఉంటాయి. మైదానంలో బృందచర్చ, ప్రణాళికా రచన, కర్రలు, తాళ్లు, పీపాలతో అడ్డంకులు దాటడం వంటి పనులు ఇస్తారు. వీటికి తోడు ముఖాముఖి జరుగుతుంది. మనస్తత్వ నిపుణుడు, బృంద పరీక్షాధికారి, ముఖాముఖి అధికారి 15 అధికారి లక్షణాలను విడివిడిగా అంచనా వేస్తారు. ఈ త్రివిధ పరిశీలనను ‘మనసా వాచా కర్మణా’ అన్న మాటతో వివరించడం పరిపాటి. ఆలోచన, మాట, చేత ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నదే చివరి రోజు సమావేశంలో తేలే విషయం.

కంఠస్థం చేసిన సమాధానం నిలవకుండా చేయడమే ఈ నిర్మాణ రహస్యం. పదిహేను సెకన్ల గడువు నటనకు వ్యవధి ఇవ్వదు. కథలో ధీరుడిని సృష్టించిన అభ్యర్థి మైదానంలో వెనుకంజ వేస్తే ఆ తేడా బయటపడుతుంది. అయినా ఈ పరీక్షల చుట్టూ శిక్షణ కేంద్రాలు, మార్గదర్శక గ్రంథాలు విస్తారంగా వెలిశాయి. సిద్ధపడడానికి వీలులేని పరీక్షకు సిద్ధం చేయడం వాటి వృత్తి. ఈ వైరుధ్యాన్ని కేవలం వ్యాపారంగా తోసిపుచ్చడం సరికాదు. పరీక్షా క్రమం తెలియడం వల్ల భయం తగ్గుతుంది. గడువులో రాసే వేగం, నలుగురిలో మాట్లాడే అలవాటు సాధనతో వస్తాయి. బాధ్యత వహించిన అనుభవం మాత్రం కొద్ది వారాలలో రాదు. ఆటల జట్టు, ఎన్.సి.సి. శిబిరం, ఇంటి బరువు మోసిన బాల్యం దానిని ఇస్తాయి. ఈ అనుభవాలలో చివరిది పేద విద్యార్థికి సమృద్ధిగానే ఉంటుంది. దానిని నాయకత్వ లక్షణంగా గుర్తించి చెప్పుకొనే భాష అతనికి లేకపోవడమే సమస్య.

7. తెలుగు ప్రాంతాల సందర్భం:

అధికారుల శ్రేణిలోని ప్రాంతీయ, వర్గ అసమానతలను తొలగించే ఉద్దేశంతో రక్షణమంత్రి వి.కె.కృష్ణమీనన్ చొరవతో 1961 నుంచి సైనిక పాఠశాలలు ప్రారంభమయ్యాయి. 1962 జనవరిలో విజయనగరం సమీపాన కోరుకొండ సైనిక పాఠశాల ఏర్పడింది. విజయనగర రాజవంశానికి చెందిన భవనం దీనికి నెలవయింది. ఒకనాడు రాజవంశీకులకే పరిమితమైన అధికారి విద్య, రాజభవనంలోనే సామాన్యుల పిల్లలకు అందడం చారిత్రకంగా అర్థవంతమైన మార్పు. తరువాత చిత్తూరు సీమలోని కలికిరిలో మరొక సైనిక పాఠశాల వచ్చింది. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల వ్యవస్థ భువనగిరిలో మహిళలకు సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాలను నిర్వహించింది.

యుద్ధజాతుల సిద్ధాంతం నిరాకరించిన ప్రాంతం నుంచి అత్యున్నత స్థాయి అధికారులు రావడం ఆ సిద్ధాంతానికి సూటి సమాధానం. 1942లో కమిషన్ పొందిన తెలుగువాడు జనరల్ కె.వి.కృష్ణారావు 1981 నుంచి 1983 వరకు భూసేనాధిపతిగా పనిచేశారు.

అయినా భాషాపరమైన అవరోధం తొలగలేదు. ఎన్.డి.ఎ. సాధారణ సామర్థ్య పత్రంలో 200 మార్కులు ఆంగ్లానికి ఉన్నాయి. ఇతర ప్రశ్నలు ఆంగ్ల, హిందీ భాషలలో వస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి విషయంతో పాటు భాషను కూడా జయించవలసి వస్తుంది. పదిహేను సెకన్లలో తోచిన మాట రాయవలసిన చోట, మాతృభాషలో తోచిన భావాన్ని మరొక భాషలోకి మార్చుకోవడానికే కొంత గడువు ఖర్చవుతుంది. అందువల్ల తెలుగు విద్యార్థి సన్నాహం పాఠశాల దశలోనే, నిత్యసంభాషణతో మొదలు కావలసి ఉంటుంది.

8. మహిళల ప్రవేశం:

1992 నుంచి మహిళలు వైద్యేతర శాఖలలో కూడా పరిమిత కాల అధికారులుగా చేరుతున్నారు. 2020 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానం వారికి శాశ్వత కమిషన్ హక్కును సమర్థించింది. 2021 ఆగస్టు 18న ఎన్.డి.ఎ. పరీక్ష రాయడానికి బాలికలను అనుమతిస్తూ మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 14న పరీక్ష జరిగింది. ఆదేశానికి, పరీక్షకు మధ్య మూడు నెలలు కూడా లేవు. బాలురకు ఏళ్ల తరబడి అందిన సన్నాహం తొలి అభ్యర్థినులకు ఆ స్వల్ప వ్యవధిలో అందే వీలులేదు. అయినా ఎంపికై శిక్షణ పూర్తి చేసిన 17 మంది 2025 మే 30న అకాడమీ నుంచి పట్టం అందుకున్నారు. సైనిక పాఠశాలల ద్వారాలు బాలికలకు తెరుచుకోవడంతో రాబోయే తరాలకు సన్నద్ధత ముందుగానే లభించే అవకాశం ఏర్పడింది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. ఎంపిక విధానం మారినపుడల్లా సన్నద్ధత స్వరూపం మారింది. వంశం, పాఠశాల, పోటీ పరీక్ష, వ్యక్తిత్వ పరీక్ష ఇందులో వరుస దశలు. అయితే కొత్త దశ పాతదానిని పూర్తిగా చెరిపివేయలేదు.

2. యోగ్యత లేదని భావించిన ప్రతి సందర్భంలోనూ – శాండ్‌హర్స్ట్‌లోని తొలి భారతీయులు, దక్షిణాదివారు, మహిళలు – లోపించింది ప్రధానంగా అవకాశమేనని తరువాతి చరిత్ర రుజువు చేసింది.

3. వర్గభేదాన్ని అధిగమించడానికి పుట్టిన మనస్తత్వ పరీక్ష కూడా భాష, సామాజిక అలవాట్ల ద్వారా ఆ భేదాన్ని కొంతమేరకు తిరిగి ప్రవేశపెట్టగలదు.

4. స్వల్పకాలిక శిక్షణ పరీక్షాక్రమాన్ని పరిచయం చేస్తుంది. అధికారి లక్షణాలు మాత్రం బాల్యం నుంచి లభించే బాధ్యతాయుత అనుభవంతో రూపొందుతాయి. ఆ అనుభవాన్ని గ్రామీణ ప్రభుత్వ పాఠశాల వరకు విస్తరింపజేసినపుడే, ఎంపిక మండలి ముందు నిలిచే అభ్యర్థులందరూ ఒకే గీత మీద నుంచి పరుగు ప్రారంభించగలుగుతారు.