తాండూరు బండలు, మన్నెగూడ బాటలోని మఱ్ఱులు



చరిత్ర యనగానే మనకు ఓరుగంటి కోటయు, గోలకొండ దుర్గమును స్ఫురించును. వికారాబాదు, తాండూరుల పేరు చెప్పినచో, అచ్చట చరిత్ర యేమున్నదని అడుగువారే పెక్కురు. నేడు నేను మనవి చేయదలచినది ఆ ప్రశ్నకు సమాధానము. ఈ సీమ చరిత్ర రైలుబాటలోను, నేలకు పఱచిన బండలోను, దారిప్రక్క చెట్టులోను ఉన్నది. నిత్యము కనబడు వస్తువులగుటచేత వానిని చరిత్ర యని ఎవరును తలపరు. కావుననే అవి పోయినను ఎవరికిని తెలియదు.

వికారాబాదునకు ఆ పేరు పాయెగా ప్రభువులలో నొకరగు నవాబు వికారుల్ ఉమ్రా వలన వచ్చినది. ఆయన 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండెను. ఫలక్‌నుమా భవనమును కట్టించినవాడును ఆయనయే. ఆ భవనము పిమ్మట నిజాము వశమయ్యెను. 2010లో హోటలుగా తెఱవబడి నేటికిని నిలిచియున్నది. ఆయన పేరు మోయుచున్న ఊరిలోని పాత ఇండ్లకు మాత్రము అట్టి పోషకులు లేరు.

ఈ ఊళ్ల రూపును మార్చినది రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలు నడువనారంభించెను. బొంబాయి నుండి మదరాసు పోవు పెద్దదారితో రాజధానిని కలుపుటకు వేసిన మార్గమది. తాండూరును, వికారాబాదును ఆ మార్గముననే యున్నవి. తరువాత బీదరు వైపునకు శాఖ చీలుటతో వికారాబాదు కూడలి యయ్యెను. బండి ఆగినచోట అంగడి వెలయుట సహజమే గదా.

తాండూరు బండ సంగతి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఇది సున్నపురాయి. ఒకానొకప్పుడు ఈ ప్రదేశము లోతు తక్కువగల సముద్రము. నేడు సముద్రము మనకు వందలమైళ్ల దూరమున నున్నది గాని, తాండూరువారు ఆ పాత సముద్రపు అడుగుననే కాపురముండుచున్నారు! నీటియడుగున సన్నని సున్నపు బురద పొరపొరగా పేరుకొని, గట్టిపడి రాయి అయినది. చిప్పలు, ఎముకలు గల జంతువులు పుట్టకమునుపటి మాట యిది. అనగా 54 కోట్ల సంవత్సరములకంటెను ప్రాచీనము. కావున ఆ బండలలో శంఖమును గాని, చేప ముల్లును గాని వెదకి ప్రయోజనము లేదు. పొరలుగా ఏర్పడినందున ఈ రాయి పుస్తకములోని పుటలవలె విడివడును. పనివారు పొరసందున గడ్డపాఱ మొన చేర్చి పైకెత్తినచో చదునైన పలక లేచివచ్చును. నీలపుది, పసుపుపచ్చనిది అని దీనికి రెండు వన్నెలు. మన పెద్దలు దీనినే నేలకు పఱచిరి, గోడలకు పేర్చిరి, ఇంటికప్పున దూలములమీద పఱచిరి, వీథి అరుగులకు అమర్చిరి. వేసవి మధ్యాహ్నమున అట్టి అరుగుమీద నడుము వాల్చినవారికి దాని చల్లదనమును నేను వర్ణింపనక్కఱలేదు.

ఇప్పుడు ఆ యిండ్లు ఒక్కొక్కటిగా పడుచున్నవి. సిమెంటు మేడలు లేచుచున్నవి. విచిత్రమేమన, సిమెంటునకు కావలసినదియు ఈ సున్నపురాయియే. తాండూరు చుట్టుప్రక్కల కర్మాగారములలో దానిని పొడిచేసి, మట్టి చేర్చి, కొలిమిలో కాల్చుచున్నారు. భూమి మనకు పలకగా నిచ్చిన రాతిని పిండి చేసి, మరల పలకగా పోసికొనుచున్నాము. దీనిని నేను తప్పనను. పెరిగిన కుటుంబమునకు గదులు కావలెను. పాతగోడ ఎప్పుడు కూలునోయని వానకాలము గడుపువానికి పాతయింటి సొగసును బోధించుట న్యాయము కాదు. అయినను కూల్చునప్పుడు పలకలను ముక్కలు చేసి గుంతలలో పోయనేల? ఊడదీసిన పలక మరల పఱచుటకు వచ్చును. కొత్త మేడ ముంగిట తాతనాటి బండ యుండిన, ఆ మేడకు వచ్చిన లోపమేమి?

ఇంతకంటె కఠినమైనది మఱ్ఱిచెట్ల సమస్య. హైదరాబాదు నుండి బిజాపూరు పోవు రాచబాటలో, పోలీసు అకాడమీ కూడలి మొదలు వికారాబాదు జిల్లాలోని మన్నెగూడ వఱకు, సుమారు 46 కిలోమీటర్ల పొడవున 900కు పైగా మఱ్ఱులున్నవి. నిజాము కాలమున బాటసారుల నీడకై నాటినవి. ఎడ్లబండ్లు నడచిన బాటకు నీడ ప్రధానము. లారీలును బస్సులును నడుచు బాటకు వెడల్పు ప్రధానము. దారి విస్తరింపవలెనని ప్రభుత్వమును, చెట్లను కొట్టరాదని వృక్షప్రియులును జాతీయ హరిత ట్రిబ్యునలులో వాదించుచుండగా ఏండ్లు గడచెను. 2025 అక్టోబరు చివర ఆటంకము తొలగెను. చాలభాగము చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నిటిని పెకలించి వేఱుచోట నాటునట్లు నిర్ణయము. అంతలో నవంబరు 3వ తేదీ ఉదయమున, తాండూరు నుండి హైదరాబాదు పోవుచున్న బస్సును చేవెళ్ల సమీపమున మీర్జాగూడ చెంత కంకర టిప్పరు ఢీకొనెను. కంకర ప్రయాణికులమీద పడెను. 19 మంది మరణించిరి.

అప్పుడు జనుల కోపము చెట్లమీదికిని, చెట్లకై వాదించినవారిమీదికిని మరలెను. ఆ కోపము నాకు అర్థము కాకపోలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట నీడను గూర్చి మాటలాడగల నోరు నాకు లేదు. కాని మఱ్ఱుల వరుసల నడుమనున్న పాతబాటను ఒకవైపు పోవు బండ్లకు విడిచి, వరుసకు ఆవల ఎదురువచ్చు బండ్లకు కొత్తబాట వేసినచో, ఎదురుబండి భయమును తప్పును, చెట్టును నిలుచును. ఇట్టి యేర్పాటు ఏండ్లక్రిందటనే జరిగియుండిన, చెట్టు కావలెనా మనిషి కావలెనా యను ప్రశ్నయే పుట్టకుండెడిది. జాప్యము చేసినది చెట్టు కాదు.

పెకలించి నాటిన మఱ్ఱి మొదటి రెండు వేసవులు దాటుట కష్టము. దానికి నీరును, కావలియు కావలెను. బాటవెంటనున్న గ్రామముల పెద్దలు ఏ చెట్టును ఎచ్చట నాటిరో లెక్క వ్రాసికొని, నీరు పడుచున్నదో లేదో చూచి అధికారులకు తెలుపవచ్చును. అట్లే తాండూరులో ఏ యిల్లు ఏ యేట కట్టిరో, దాని బండలు ఏ గని నుండి తెచ్చిరో ఎఱిగిన వృద్ధులు ఇంకను కలరు. వారిచేత చెప్పించి, బడిపిల్లలచేత వ్రాయించి, ఆ పుస్తకమును ఊరి గ్రంథాలయమున నుంచుడు. రాబోవు వేసవికి ముందే ఈ రెండు పనులును మొదలిడుట మంచిది.