తుపాకీతో ప్రయాణమా.. తాళం, తూటా, లైసెన్సు జాగ్రత్త!

ఆత్మకూరు: పంట రక్షణకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొందిన తుపాకీ ఇంట్లో బీరువాలో భద్రంగానే ఉంటుంది. రెన్యువల్‌కు, మరమ్మతుకు, ఎన్నికల వేళ పోలీసు స్టేషన్‌లో జమ చేయడానికి దానిని వాహనంలో ఎక్కించినప్పుడే చిక్కులు మొదలవుతాయి. ప్రమాదవశాత్తు పేలడం, చోరీకి గురికావడం, తెలియక చట్టాన్ని అతిక్రమించడం.. ఈ మూడింటికీ అవకాశం ప్రయాణంలోనే ఉంది. లైసెన్సుదారులు పాటించవలసిన జాగ్రత్తలివి.

బయలుదేరే ముందు..

తుపాకీని సురక్షితమైన దిశకు తిప్పి, ట్రిగ్గరుపై వేలు పెట్టకుండా తెరచి చూడాలి. డబుల్ బ్యారెల్ అయితే రెండు గొట్టాలనూ పరీక్షించాలి. సేఫ్టీ మీట వేశాం కదా అని తూటాను లోపలే ఉంచడం ప్రాణాంతకం. గతుకుల రోడ్డుపై కుదుపులకు ఆ మీటను నమ్మడానికి వీలులేదు. గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకులతో మరింత అప్రమత్తత అవసరం. పైనున్న క్యాపు తీసినంత మాత్రాన అది ఖాళీ అయినట్లు కాదు. మందు, రవ్వలు లోపలే ఉంటాయి.

వాహనంలో అమరిక..

* ఖాళీ చేసిన తుపాకీకి ట్రిగ్గరు తాళం గానీ, గొట్టం గుండా పోయే తీగ తాళం గానీ వేసి, గట్టి పెట్టెలో ఉంచి దానికీ తాళం వేయాలి.
* తూటాలను వేరే పెట్టెలో, ఎండకు, తేమకు దూరంగా భద్రపరచాలి.
* కారులో డిక్కీ మేలు. డిక్కీ లేని జీపులో పెట్టెను గొలుసుతో వాహన చట్రానికి బిగించాలి. తాళంచెవులు లైసెన్సుదారు వద్దే ఉండాలి.
* సీటు కింద, తలుపు పక్కన నిలబెట్టి ఉంచరాదు. దింపేటప్పుడు గొట్టం పట్టి తన వైపు లాగరాదు.
* హోటల్ వద్ద ఆగినపుడు ఒకరు వాహనం దగ్గర ఉండాలి. రాత్రిపూట తుపాకీని వాహనంలో వదలరాదు. గ్యారేజీకి ఇచ్చే ముందు తప్పక దింపుకోవాలి.

చట్టం ఏమంటోంది?

ఆయుధాల చట్టం-1959, ఆయుధాల నిబంధనలు-2016 ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో తుపాకీని కప్పి ఉంచి, తన అదుపులో ఉండేలా తీసుకెళ్లాలి. అధికారి అడిగితే లైసెన్సు చూపాలి. డ్రైవరు చేతో, బంధువు చేతో పంపడం కుదరదు. మరమ్మతుకు, లైసెన్సు రెన్యువల్‌కు మాత్రం లైసెన్సుదారు రాతపూర్వక అధికారంతో మరొకరు తీసుకెళ్లవచ్చు. ఆ కాగితం లేకుండా దొరికితే అక్రమ ఆయుధం కేసే.

లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతాన్ని చూసుకోవడం ముఖ్యం. 2014లో రాష్ట్ర విభజన తరువాత కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లడం పొరుగు రాష్ట్రానికి వెళ్లడమే. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సు సరిహద్దు దాటితే పనికిరాదు.

అభయారణ్యం మీదుగా వెళ్తే..

ఆత్మకూరు-దోర్నాల మార్గం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని గానీ, అధీకృత అధికారి గానీ ముందుగా ఇచ్చిన రాతపూర్వక అనుమతి లేనిదే ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదు. తుపాకీ లైసెన్సు వేటకు అనుమతి కాదు. వేట నేరంలో వాడిన వాహనం, ఆయుధం పట్టుబడితే అవి ప్రభుత్వపరమవుతాయి. కనుక అనుమతి లేనివారు అడవి బయటి దారిని ఎంచుకోవడమే శ్రేయస్కరం.

తనిఖీ కేంద్రం వద్ద పెట్టెను తామే తెరవబోకుండా, ఆయుధం ఉన్న సంగతి ముందుగా చెప్పి లైసెన్సు అందించాలి. తుపాకీ గానీ, తూటాలు గానీ పోతే దొరుకుతాయేమోనని ఎదురుచూడకుండా వెంటనే సమీప పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి. ఇందుకు తుపాకీ నంబరు, లైసెన్సు నంబరు, తూటాల సంఖ్య రాసిన కాగితాన్ని ఆయుధంతో కాకుండా జేబులో విడిగా ఉంచుకోవాలి.