దిల్ గోడకు సూరాఖ్ లేదు

కేజీహెచ్‌లో అబ్బా సీనా ఎక్స్‌రే కోసం కూర్చున్నాం. అక్కడే ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివే మా అమ్మాయి దిల్ బొమ్మ గీసి చూపింది. ఖూన్ కుడి గది నుంచి ఫేఫడాలకు పోయి, హవా పట్టుకుని ఎడమ గదికి వస్తుందట.

"ఎవరు చెప్పారు?"

"హార్వే, 1628."

పూర్తి దౌరా చెప్పింది ఆయనే. కానీ ఈ ఫేఫడాల దారి 1242లోనే ఇబ్నె నఫీస్ రాశారు. గదుల మధ్య గోడకు సూరాఖ్‌లున్నాయన్న జాలీనూస్ మాటను కాదన్నారు. అదీ, ఆ మాట ఒప్పుకున్న ఇబ్నె సీనా కితాబుకే షరహ్ రాస్తూ! ఎంత హిమ్మత్!

ఆ షరహ్ బెర్లిన్ కుతుబ్‌ఖానాలో మూలన పడి ఉంటే, 1924లో తతావీ అనే మిస్రీ డాక్టర్ బయటపెట్టారు. అప్పటికి మన విశాఖ కాలేజీకి ఏడాది.

అమ్మాయి హార్వేని కొట్టేయలేదు. పైన ఇంకో పేరు రాసుకుంది.