ఆ మూస ఎవరిది? పైథాన్ వెబ్ టెంప్లేట్ల చరిత్ర



మన గ్రూపులో బీటెక్, ఎంసీఏ, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామందే ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అనగానే ఏదో ఒక టెంప్లేట్ దించుకుని మొదలుపెడతారు. అందులో తప్పేం లేదు, ప్రపంచమంతా అలాగే చేస్తుంది. కాకపోతే ఆ టెంప్లేట్ ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరానికి పుట్టింది అనేది తెలిసి వాడటం వేరు. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ఫుల్‌స్టాక్ అంటే మనిషికి కనిపించే స్క్రీను, వెనక నడిచే సర్వర్ కోడు, సమాచారం దాచే డేటాబేస్, ఈ మూడూ కలిసిన అప్లికేషన్. లాగిన్, పాస్‌వర్డ్, సెట్టింగ్స్ లాంటివి ప్రతి ప్రాజెక్టులోనూ ఉండేవే. వాటిని ప్రతిసారీ మొదటి నుంచి రాయకుండా ముందే తయారుచేసి పెట్టుకున్న మూసే ప్రాజెక్ట్ టెంప్లేట్.

పైథాన్‌లో ఈ కథ ఒక చిన్న ఊరి పత్రిక ఆఫీసులో మొదలైంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణం. అక్కడి 'లారెన్స్ జర్నల్-వరల్డ్' పత్రిక వెబ్ విభాగంలో 2003లో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ పనిచేసేవారు. విల్లిసన్ అప్పటికి ఇంగ్లండ్ నుంచి ఏడాది ట్రైనింగ్‌కి వచ్చిన విద్యార్థి! పత్రిక పని కాబట్టి వెబ్ పేజీలు గంటల్లో, రోజుల్లో తయారైపోవాలి. అందుకని మళ్లీ మళ్లీ రాసే కోడును ఒకచోట పోగుచేశారు. అదే 2005 జూలైలో జాంగో అనే పేరుతో అందరికీ ఉచితంగా బయటికి వచ్చింది.

ఈ పేరు గురించి మనం తప్పకుండా తెలుసుకోవాలి. జాంగో రైన్‌హార్ట్ ఒక గిటార్ కళాకారుడు, రోమా జాతివాడు. బండిలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పనిచేయకుండా పోయినా, మిగిలిన వేళ్లతోనే సోలోలు వాయించి యూరప్‌లో పేరు తెచ్చుకున్నాడు. రోమాల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లినవారని వాళ్ల భాషను పరిశీలించిన పండితులు చెబుతారు. యూరప్‌లో తరతరాలుగా వెలివేతకు గురైన ఒక సంచార జాతి మనిషి పేరును ఈరోజు ప్రపంచంలోని ప్రోగ్రామర్లందరూ పలుకుతున్నారు.

జాంగోలో 'స్టార్ట్‌ప్రాజెక్ట్' అని ఒక కమాండ్ ఇస్తే సెట్టింగ్స్ ఫైలు, యూఆర్ఎల్ ఫైలు, మేనేజ్ ఫైలు వాటంతట అవే వచ్చేస్తాయి. ఆ రోజుల్లో ఇలాంటి ఆలోచన అంతటా నడుస్తోంది. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. పైథాన్‌లోనే ఇయాన్ బికింగ్ రాసిన పేస్ట్ స్క్రిప్ట్, కెవిన్ డాంగూర్ మొదలుపెట్టిన టర్బోగేర్స్ కూడా ఇదే పని చేసేవి.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. చాలా ఏళ్లపాటు జాంగో తయారుచేసిచ్చే సెట్టింగ్స్ ఫైలులో టైమ్ జోన్ 'అమెరికా/షికాగో' అని ఉండేది. ఎందుకంటే లారెన్స్ పట్టణంలో గడియారం షికాగో టైమే చూపిస్తుంది! ఏ దేశంలో ఎవరు ప్రాజెక్ట్ మొదలుపెట్టినా కాన్సాస్ గడియారమే వచ్చేది. తర్వాత దాన్ని యూటీసీగా మార్చారు. అర్థమైందా? మూస తయారుచేసినవాళ్ల ఊరు, భాష, అలవాటు మూసలోనే ఉండిపోతాయి.

2012లో వచ్చిన జాంగో 1.4లో మన సొంత మూస నుంచి ప్రాజెక్ట్ మొదలుపెట్టే వీలు కల్పించారు. 2013లో ఆడ్రీ రాయ్ కుకీకట్టర్ అనే పనిముట్టు విడుదల చేశారు. ప్రాజెక్ట్ పేరేంటి, రాసేదెవరు అంటూ అది కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. మన జవాబులను ఖాళీల్లో నింపి ఫోల్డర్ మొత్తం తయారుచేసి ఇస్తుంది. దాని ఆధారంగా డేనియల్ రాయ్ గ్రీన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన కుకీకట్టర్-జాంగో చాలా పేరు పొందింది.

అందులో మనకు దగ్గరైన మార్పు ఒకటి జరిగింది. మామూలు జాంగోలో యూజర్‌కు 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గళ్లు ఉంటాయి. కుమ్రం భీమ్ పేరును అందులో ఎలా రాస్తారు? మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ముందున్న గడిలో 'కుమ్రం' అని రాస్తే కంప్యూటర్ 'హలో కుమ్రం' అంటుంది. కుకీకట్టర్-జాంగో ఆ రెండు గళ్లూ తీసేసి ఒకటే పేరు గడి పెట్టింది. ప్రపంచంలోని పేర్లన్నీ ఆ రెండు గళ్లలో ఇమడవని కోడులోనే వ్యాఖ్య రాసి పెట్టారు.

2018 చివర్లో కొలంబియాకు చెందిన సెబాస్టియన్ రమీరెజ్ ఫాస్ట్‌ఏపీఐ తెచ్చారు. ఆయన ఫుల్‌స్టాక్ టెంప్లేట్‌లో ఫాస్ట్‌ఏపీఐ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రియాక్ట్ స్క్రీన్లు, డాకర్ అన్నీ కలిపే వస్తాయి. రహస్య కీ ఉండాల్సిన చోట 'చేంజ్‌దిస్' అని రాసి ఉంటుంది, అంటే 'దీన్ని మార్చు' అని. మార్చకుండా నిజమైన సర్వర్ మీద పెడితే ప్రోగ్రామ్ నడవనని ఆగిపోతుంది. ఆ టెంప్లేట్ వాడే కాపియర్ అనే పనిముట్టుకు ఇంకో గుణం ఉంది. అసలు మూసలో తర్వాత వచ్చిన దిద్దుబాట్లను మన ప్రాజెక్టులోకి కూడా తెచ్చుకోవచ్చు.

ఇదంతా మనకెందుకంటే, రేపు హాస్టల్ సీట్లకో, అటవీ ఉత్పత్తుల అమ్మకానికో, పోడు పట్టాల వివరాలకో వెబ్‌సైట్ కట్టేది మనలో ఒకరే కావచ్చు. జాంగో భాషల జాబితాలో తెలుగు ఉంది. గోండి, కోయ, సవర లేవు, కానీ మనం చేర్చుకోవచ్చు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. సవరవాళ్ల సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012 నుంచే ఉంది. అంటే అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని గుర్తుపెట్టుకునే మూసే ఇంకా తయారుకావాలి.

కాబట్టి టెంప్లేట్ దించుకోగానే ముందు సెట్టింగ్స్ ఫైలు తెరవండి. టైమ్ జోన్ ఏముంది, భాష ఏముంది, పేరుకు ఎన్ని గళ్లున్నాయి, రహస్య కీ మార్చామా అని చూడండి. ఈ నాలుగూ చూసి మార్చి, ఆ ఫోల్డర్‌ను మన పిల్లలందరికీ పనికొచ్చే మూసగా దాచి పెట్టండి. కాన్సాస్‌లో ఒక చిన్న పత్రిక వాళ్లు తమ అవసరానికి చేసుకున్నది ప్రపంచానికి పనికొచ్చింది. మన అవసరానికి మనం చేసుకుంటే అది ఇంకో తండాకో, ఇంకో గూడేనికో తప్పకుండా పనికొస్తుంది.

ఎవరైనా మొదలుపెడితే కింద రాయండి, కలిసి చేద్దాం. జోహార్.