గినీ తీర్పు: 1958 ప్రజాభిప్రాయ సేకరణలో తిరస్కరణకు నేపథ్యం

1958 సెప్టెంబరు 28న ఫ్రాన్స్ తన ఆఫ్రికా వలసల ఓటర్ల ముందు కొత్త రాజ్యాంగాన్ని ఉంచింది. ఆమోదిస్తే ఫ్రెంచి సముదాయంలో పరిమిత స్వపరిపాలన. తిరస్కరిస్తే తక్షణ స్వాతంత్ర్యం, దానితోపాటే ఫ్రెంచి సహాయానికి ముగింపు.

ఆగస్టు 25న కొనాక్రీలో డిగాల్ సమక్షంలోనే గినీ నాయకుడు సెకూ టూరే దాస్యంలోని సంపద కంటే స్వేచ్ఛలోని పేదరికమే మేలన్నాడు. అయినా అతని పార్టీ తుది నిర్ణయం సెప్టెంబరు 14న గాని వెలువడలేదు. ఈలోగా కార్మిక సంఘాలు, విద్యార్థులు, మహిళలు, యువజనులు తిరస్కరణకై ఒత్తిడి తెచ్చారు. కనుక ఆ తీర్పును కేవలం ఒక నాయకుని సాహసంగా భావించడం అసమగ్రం.

నైజర్‌లో జిబో బకారీ ఇదే పిలుపునిచ్చి ఓడిపోయాడు. అక్కడ వలస యంత్రాంగమూ సంప్రదాయ అధిపతులూ ఆమోదం పక్షాన నిలిచారు. గినీలో ఆ అధిపతుల వ్యవస్థ 1957 చివరనే రద్దయింది. పల్లెల్లో పార్టీ శాఖలు బలపడ్డాయి. అక్కడ 95 శాతానికి పైగా ఓట్లు తిరస్కరణకే పడ్డాయి.

అక్టోబరు 2న గినీ స్వతంత్రమైంది. ఫ్రాన్స్ తన ఉద్యోగులను ఉపసంహరించి, సహాయం నిలిపివేసింది. ఆమోదం తెలిపిన పశ్చిమాఫ్రికా వలసలు సైతం 1960లో స్వతంత్రమయ్యాయి. రెండేళ్లు ముందుగా పొందిన స్వేచ్ఛకు గినీ చెల్లించిన మూల్యం అది.